కంపెనీ తృప్తి చెందే వరకు

మనిషి కనిపెట్టిన వ్యవస్థలన్నిటిలోకీ దయగలది రికార్డు కంపెనీ ఒప్పందం. పెళ్ళి సైతం చావుతో ముగిసిపోతుంది. ఇది అలా వదిలిపెట్టదు, కళాకారుడు పోయాక మరింత చురుగ్గా సాగుతుంది. ఈ సత్యం నాకు ఒక సోమవారం పొద్దున, సింకు దగ్గర నిలబడి ముందురోజు చిక్కుడు గింజలు ఉడికించిన గిన్నె తోముతుండగా బోధపడింది. గిన్నె సగం అయింది. అలవాటు కొద్దీ ఏదో కూనిరాగం తీస్తున్నట్టున్నాను.

"ఏమే వెర్లీ, ఫారం నింపావా?" అన్నాడు మా అన్నయ్య డెంజిల్, వెనక బల్ల దగ్గర కాఫీ తాగుతూ.

"ఏ ఫారం?"

"కూనిరాగం ఫారం. కిటికీ తెరిచే ఉంది. పక్కింటి కుక్క వింటోంది. రేపు దాని మీద కూడా కేసు పెడతారు."

నేను నోరు మూసుకున్నాను. అన్నయ్య నవ్వలేదు, ఎందుకంటే అది హాస్యం కాదు. (పదిహేడో నిబంధన ప్రకారం కళాకారిణి నోటి నుంచి గాని, ముక్కు నుంచి గాని, చేతుల నుంచి గాని వెలువడి ఏ సాధనంలోనైనా నమోదయ్యే ప్రతి ధ్వనీ కంపెనీ ఆస్తి. మధ్యలో ముక్కు ఎందుకొచ్చిందా అని మొదట్లో అనుకునేదాన్ని. కూనిరాగం తీసేది ముక్కుతోనే.)

నేను పాడతాను, బాంజో వాయిస్తాను. అన్నయ్యది ఫిడేలు. కెంటకీ కొండల్లో మా ఇంటి వసారాలో కూర్చుని ఇద్దరం కలిసి మొదలుపెట్టినప్పుడు నాకు ఆరేళ్ళు, అన్నయ్యకి పద్నాలుగు. నాష్‌విల్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. కంపెనీ వాళ్ళు ఇద్దరినీ విన్నారు, నన్నొక్కదాన్నే తీసుకున్నారు. ఫిడేలు వాయించేవాళ్ళు ఈ ఊళ్ళో వీధికి నలుగురు దొరుకుతారట. "మీ అన్నగారు చాలా గొప్పగా వాయిస్తారమ్మా, అందుకే ఆయన్ని ఇబ్బంది పెట్టదలచుకోలేదు" అన్నారు. కంపెనీ పేరు చెప్పలేను. చెప్పకూడదని ముప్ఫై ఒకటో పేజీలో ఉంది.

ఒప్పందం ఎనభై నాలుగు పేజీలు. నేను ఆరు చదివాను. ఒక మాంసం, మూడు కూరలు పెట్టే భోజన హోటల్లో కూర్చోబెట్టి సంతకం చేయించారు. మూడో కూర ఏది కావాలో తేల్చుకోవడానికి నాకు పట్టిన సమయం సంతకానికి పట్టలేదు. మా లోయ బడిలో, చదివింది అర్థం చేసుకోవడంలో నాకు మొదటి బహుమతి వచ్చింది. ఆ బహుమతి ఒక పెన్ను. సంతకం దానితోనే పెట్టాను. నా తరఫున చూడటానికి ఒక లాయరు కూడా ఉన్నాడు. ఆయన్ని కంపెనీయే ఇచ్చింది. ఆయన ఆఫీసు కంపెనీ మూడో అంతస్తులో ఉంది, అంచేత నా కోసం వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్ళే శ్రమ ఆయనకి తప్పింది.

"ఎన్నేళ్ళకి రాసిచ్చావే?" అని ఆ సాయంత్రం అన్నయ్య అడిగాడు.

"ఏళ్ళు కాదు, ఐదు రికార్డులు," అన్నాను గర్వంగా. "ఐదంటే ఐదే."

ఒక్కో రికార్డూ 'కంపెనీకి తృప్తికరముగా' ఉండాలన్న సంగతి నేను చదవని పేజీల్లో ఉంది. తృప్తి కలగనిది లెక్కలోకి రాదు. మొదటి రెండూ తృప్తి కలిగించాయి. మూడోది అమ్మ దగ్గర నేర్చుకున్న పాటలతో, అన్నయ్య ఫిడేలుతో చేశాను. ఏడుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి దిగులు ఎక్కువైందన్నారు. తగ్గిస్తే, దిగులు చాలలేదన్నారు. మూడోసారి ఫిడేలు వినబడుతోందనీ, నాలుగోసారి ఫిడేలు వినబడటం లేదనీ రాశారు. ఐదోసారి 'ఇందులో పాటలు ఎక్కువగా ఉన్నాయి' అన్న ఒక్క వాక్యం. ఆరోసారి తెల్ల కాగితం, కింద సంతకం. ఏడోసారి మాత్రం సామర్థ్యం చూపించారు. నేను ఇంకా పంపకముందే తిరస్కరణ వచ్చేసింది.

మా అన్నాచెల్లెళ్ళిద్దరికీ కావలసింది ఒకటే. ఇద్దరి పేర్లతో ఒక్క రికార్డు. ఆ ఐదూ పూర్తయ్యేదాకా నేను ఇంకొకరితో కలిసి తుమ్మినా నేరమే. ఈలోగా కెంటకీలో జార్జిటౌన్ దగ్గర కార్ల ఫ్యాక్టరీ నుంచి అన్నయ్యకి పిలుపొచ్చింది. సీట్లు బిగించే పని. ఆగస్టు ఆఖరులోగా చేరాలి.

"అప్పటిదాకా చూస్తానే చెల్లీ," అన్నాడు. "ఆ తర్వాత చూడను."

అన్నయ్య గొంతు పెంచడు. అందుకే ఆ మాట నాకు గట్టిగా వినబడింది.

ఫిర్యాదు చేద్దామనుకున్నాను. కంపెనీ వారు మా కోసం 'కళాకారుల మనశ్శాంతి' అని ఒక యాప్ పెట్టారు. అందులో మన బాధని మనమే ఎంచుకోవచ్చు. 'సంతోషంగా ఉన్నాను', 'చాలా సంతోషంగా ఉన్నాను', 'ఇతరములు' అని మూడు గడులు. మూడోది మరమ్మతులో ఉంది. రెండోది నొక్కి వరసలో చేరాను. నా సంఖ్య పదకొండు వేల నాలుగు వందలు. (నష్టపోయిన కళాకారులు ఇంతమంది ఉన్నారని తెలిశాక కాస్త మనశ్శాంతి కలిగిన మాట నిజమే. యాప్ పనిచేస్తోంది.)

ఆఖరికి ఫోనే చేశాను. కాసేపు వేచి ఉండమని ఒక పాట పెట్టారు. అది మా పాటే. ఏడుసార్లు తిరిగొచ్చిన రికార్డులో నాలుగోది. కంపెనీకి తృప్తి కలగలేదు గాని, ఫోన్లో ఎదురుచూసేవాళ్ళకి పనికొస్తుందని తోచినట్టుంది. నలభై నిమిషాలు విన్నాను. అన్నయ్య చాలా బాగా వాయించాడు. మధ్యలో నేనూ గొంతు కలిపాను. మూడో రోజు తాఖీదు వచ్చింది. కంపెనీ నమోదు చేస్తున్న ఫోన్ సంభాషణలో కళాకారిణి అనుమతి లేకుండా కూనిరాగం తీసినందున, సదరు కూనిరాగం కంపెనీకి చెందుతుందట.

ఆ నలభై నిమిషాల తర్వాత ఫోన్ ఎత్తినాయన ప్రెంటిస్ ఓగల్‌ట్రీ గారు, కళాకారుల సంతృప్తి విభాగం ఉపాధ్యక్షులు. ఆ కంపెనీలో ఉపాధ్యక్షుడు కాని మనిషిని నేనింతవరకు చూడలేదు. (కాఫీ తెచ్చే ఆయన సహాయ ఉపాధ్యక్షుడు.)

"మిస్ వెర్లీ! మీ గొంతు విని ఎన్నాళ్ళయింది! ఇంట్లో అందరూ కులాసానా అమ్మా? మీ ఊళ్ళో వానలు పడ్డాయా?"

"పడ్డాయండి. ఏడోసారి కూడా తిప్పి పంపారండి."

"తిప్పి పంపడమేమిటి తల్లీ, ఇంకో అవకాశం ఇచ్చాం."

"అసలు ఎలా ఉంటే మీకు తృప్తి కలుగుతుందో ఎక్కడైనా రాసి ఉందాండి?"

"రాసి పెట్టుకుంటే అది తృప్తి ఎలా అవుతుందమ్మా? తృప్తి అన్నది లోపలి నుంచి రావాలి."

"పోనీ నన్ను వదిలెయ్యండి."

"ఎంత మాట! మేం వదిలేస్తే మీకెవరున్నారు?"

"మా అన్నయ్య ఉన్నాడండి."

"ఆయనకి ఒప్పందం లేదు కదమ్మా," అన్నారు, ఎవరికో కాలు లేదని చెప్పినట్టు.

ఇక చేసేదేం లేక, మిగిలిన డెబ్భై ఎనిమిది పేజీలూ చదవడానికి కూర్చున్నాను. నాలుగు రోజులు పట్టింది. అరవై ఒకటో పేజీలో దారి దొరికింది. పంపిన రికార్డు 'తృప్తికరము కానిది' అయితే మళ్ళీ చెయ్యాలి. అదే 'వినుటకు శక్యము కానిది' అని తేలితే మాత్రం, కంపెనీ తన పరువు కాపాడుకొనుటకై ఒప్పందం రద్దు చేసుకొని కళాకారిణిని వదిలించుకోవలెను. షరతులు తక్కువే. పది ముక్కలుండాలి, ముప్ఫై ఐదు నిమిషాలకి తగ్గకూడదు, కళాకారిణి స్వయంగా చేసినదై ఉండాలి.

"వినలేనంత ఘోరంగా పాడాలి. అంతే అన్నయ్యా," అన్నాను.

"నీ వల్ల అవుతుందా?"

"ప్రయత్నిస్తే కాకపోదు."

రెండు రోజులు అపశ్రుతిలో పాడి చూశాను. పక్కింటి హెస్టర్ గారు కంచె దగ్గరకొచ్చి, "ఈమధ్య బాగా మెరుగుపడ్డావే పిల్లా" అన్నారు. నా ప్రతిభ మీద నాకున్న నమ్మకాల్లో ఆఖరిది కూడా అలా పోయింది. చెడగొట్టడానికి కూడా కొంత ఉండాలి కాబోలు.

అప్పుడే గిన్నెల సంగతి తట్టింది. గిన్నెలు తోమడం నా చేతి పనే. దాన్ని ముప్ఫై ఐదు నిమిషాలు వినగల మనిషి ఇంకా పుట్టలేదని నాకు గట్టి నమ్మకం. శనివారం పొద్దున్నే రికార్డు చేసే యంత్రాన్ని కిటికీ గట్టు మీద పెట్టాను. అన్నయ్యని కుర్చీలో కూర్చోబెట్టాను. తోడు కోసం ఫిడేలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు వాయించకూడదు సుమా," అన్నాను. "వాయిస్తే బాగుంటుంది. బాగుంటే మునిగిపోతాం."

"నేను వాయించకపోవడాన్ని ఈ ఊరు తొమ్మిదేళ్ళుగా వింటోంది," అన్నాడు. "నాకు సాధన ఉందిలే."

మొదటి ముక్క చెంచాలు. రెండోది కాఫీ కప్పులు. మూడోది మళ్ళీ చెంచాలు, ఎందుకంటే మాకు ఎక్కువ గిన్నెలు లేవు. ఎనిమిదో ముక్క దాకా వచ్చేసరికి నాకు భయం పట్టుకుంది. నీళ్ళ చప్పుడు వినడానికి హాయిగానే ఉంది. ఇంకా ఘోరంగా ఏదో చెయ్యాలి. అటూ ఇటూ చూశాను. పొయ్యి మీద అమ్మమ్మ ఇనప మూకుడు ఉంది.

ఆ మూకుడు తొంభై ఏళ్ళది. అందులో మొక్కజొన్న రొట్టె కాల్చి, గుడ్డతో తుడిచి, కొవ్వు రాసి పెడతాం. మూడు తరాల ఆడవాళ్ళు దానికి సబ్బు తగలనివ్వలేదు. మా వైపు ఇనప మూకుడికి సబ్బు పెట్టడమంటే, బైబిల్ మీద కాలు వేసి పీటలా ఎక్కడంతో సమానం.

నేను సబ్బు చేతిలోకి తీసుకున్నాను.

"వెర్లీ, వద్దే," అన్నాడు అన్నయ్య. గొంతు బయటికి రాకుండా పెదాలతోనే అన్నాడు.

నేను ఇనప పీచుతో తోమాను. నాలుగు నిమిషాల పది సెకన్లు. తొంభై ఏళ్ళ నలుపు సింకులోకి కారిపోయింది. వెనక అన్నయ్య కుర్చీ ఒక్కసారి కిర్రుమంది. ఆ ముక్కకి పేరు ఉన్నదున్నట్టు పెట్టాను, 'అమ్మమ్మ మూకుడు, సబ్బుతో' అని. పదోది మళ్ళీ చెంచాలు.

పంపిన రెండో రోజుకే ప్రెంటిస్ గారు పీకాన్ గింజల తీపి రొట్టె పట్టుకుని స్వయంగా మా ఇంటికొచ్చారు. కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"మిస్ వెర్లీ," అన్నారు, "కంపెనీ తృప్తి చెందింది."

రికార్డు జూన్ మొదట్లో విడుదలైంది. మొదటి వారం దాన్ని నలుగురు విన్నారు. ఆ నలుగురిలో అలబామాలో ఒకావిడ ఉంది. తొమ్మిదో ముక్క పేరు చదివి, విని, చర్చిలో వాళ్ళకి వినిపించింది. చర్చి వాళ్ళు జార్జియాలో ఇంకో చర్చికి వినిపించారు. నెల తిరిగేసరికి దక్షిణాది అంతా కోపంతో ఊగిపోయింది. 'ఆ పిల్లకి ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?' అని రాశారు. 'నేను దీన్ని పదహారుసార్లు విన్నాను, పదహారుసార్లూ ఏడుపొచ్చింది' అని ఒకావిడ రాసింది. అది నిజంగా సబ్బేనా లేక ఒట్టి నీళ్ళా అని తేల్చడానికి టెన్నెసీలో ఒక సంఘం ఏర్పడి, నురగ చప్పుడు గుర్తుపట్టడం కోసం వారం పొడుగునా వింది. రాజీ కుదరక రెండు సంఘాలుగా చీలి, మళ్ళీ వినడం మొదలుపెట్టింది.

కంపెనీ వారు గిన్నెల సంగీత విభాగం తెరిచి ముగ్గురు ఉపాధ్యక్షులను వేశారు. ఒక విమర్శకుడు నా చేతుల్లో లయ ఉందని రాశాడు. (గొంతులో ఉందని ఇంతవరకు ఎవరూ రాయలేదు.) నా మొదటి రెండు రికార్డులు ఈ మహత్తర కృతికి అక్కర్లేని ఉపోద్ఘాతాలట. ఆ ముక్క కత్తిరించి, దాచుకున్నాను. పొగడ్త పొగడ్తే కదా.

జూలైలో నాలుగో రికార్డుకి నిబంధనలు వచ్చాయి. డెబ్భయ్యో పేజీ ప్రకారం, తృప్తి కలిగించిన దాని తరువాతివన్నీ అదే తరహాలో ఉండాలి. అంతేకాక, కంపెనీ రెండువేల మంది శ్రోతలను విచారించి తెలుసుకున్నదేమంటే, గిన్నెల చప్పుడు మధ్య మనిషి గొంతు వినిపిస్తే వాళ్ళకి విసుగు పుడుతుందట. కాబట్టి ఇకమీదట ఏ రికార్డులోనూ కళాకారిణి గొంతు ఒక్క మాట కూడా పడరాదు. పడితే ఆ రికార్డు చెల్లదు. పాడటానికి తీసుకున్నారు, పాడనని ప్రమాణపత్రం రాయించుకున్నారు. రాసిచ్చాను. ఈసారి పూర్తిగా చదివే సంతకం పెట్టాను, ఆ మాత్రం ఎదుగుదల ఉంది.

అన్నయ్య రోజూ పొద్దున్నే తన ట్రక్కు ఇంజను నూనె చూసుకునేవాడు. మూకుడికి కొవ్వు రాసి, కాల్చి, మళ్ళీ రాసి చూశాడు కొన్నాళ్ళు. దానికి నలుపు ఎక్కలేదు. ఒకరోజు దాన్ని అలమరలో పైన పెట్టేశాడు.

ఆగస్టు ముప్ఫయ్యో తారీఖు పొద్దున, నాలుగో రికార్డు మొదలుపెట్టించడానికి ప్రెంటిస్ గారు వచ్చారు. చేతిలో ఒక కట్ట ఉంది. దాన్ని అన్నయ్య ముందు పెట్టారు.

"డెంజిల్ గారూ, ఇది మీకు."

అన్నయ్య కట్ట చూశాడు. ఎనభై నాలుగు పేజీలు. మొదటి పేజీ మీద తన పేరు టైపు చేసి ఉంది. తొమ్మిదేళ్ళలో ఈ ఊళ్ళో ఎవరూ ఆ పేరు టైపు చెయ్యలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని అప్పుడు ముట్టుకున్నాడు.

"ఫిడేలుకా అండి?" అన్నాడు.

"కుర్చీకి," అన్నారు ప్రెంటిస్ గారు. "తొమ్మిదో ముక్కలో కుర్చీ కిర్రుమంది చూశారూ, జనం అన్నిటికన్నా ఎక్కువసార్లు వెనక్కి తిప్పి విన్నది ఆ ఒక్క సెకనే. ఒక మగాడి గుండె పగిలిన చప్పుడు అని రాస్తున్నారండీ! అలాంటివి మీరు ఐదు రికార్డులకి సరిపడా ఇవ్వాలి."

"మరి ఫిడేలు?"

"ఉండనివ్వండి, ఒళ్ళోనే. అది చూసుకుంటే మీకు కిర్రు బాగా వస్తుంది. వాయించకండి అంతే."

"పేరు వేస్తారా?"

"పెద్ద అక్షరాలతో. 'గిన్నెలు: వెర్లీ స్టాంపర్, కుర్చీ: డెంజిల్ స్టాంపర్'."

అన్నయ్య నా వైపు చూశాడు. నేనేదో అంటానని చూస్తున్నాడని నాకు తెలుసు. ఆ క్షణంలో అనదగ్గ మాటలు కనీసం పది ఉన్నాయి. నిదానంగా గమనించే పిల్లనని మా టీచరు మెచ్చుకునేది, అన్నీ గమనించాను. ఆఖరికి ఏరుకున్న మాట ఇది:

"ఇద్దరి పేర్లూ ఉంటాయి కదా అన్నయ్యా."

ప్రెంటిస్ గారు ఆ మాటనే ఒప్పుకోలుగా తీసుకుని, సంతకాలు తర్వాత చూసుకుందాం, పొద్దుటి వెలుగులో గిన్నెలు బాగా మోగుతాయి అన్నారు. (ఆయన సంగీతం చదువుకున్నారు.) యంత్రం కిటికీ గట్టు మీద పెట్టి, ఎర్ర దీపం వెలిగించి, వేలు పెదాల మీద పెట్టుకున్నారు.

నేను కాఫీ కప్పులు తోమడం మొదలుపెట్టాను. ఒక కప్పు అయింది. రెండోది అయింది. వెనక కుర్చీ కిర్రుమనలేదు. కొంచెం సేపయ్యాక దాన్ని జాగ్రత్తగా, చప్పుడు కాకుండా ఎత్తి వెనక్కి జరిపినట్టు తెలిసింది. తిరిగి చూశాను. అన్నయ్య ఫిడేలుని పెట్టెలో పెట్టి రెండు గొళ్ళేలూ బిగించాడు. పక్క గదిలోంచి బట్టల సంచీ తెచ్చుకున్నాడు. అది అప్పటికే సర్ది ఉంది. నా చెయ్యి నీళ్ళలో ఉంది. అన్నయ్య నా దాకా వచ్చి, నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, టోపీ తీసుకుని, జాలీ తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

ట్రక్కు వెంటనే కదలలేదు. ఇంజను ఆన్ చేసి ఒక నిమిషం పైనే వాకిట్లో ఆపి ఉంచాడు. కిటికీ తెరిచే ఉంది. పిలిస్తే వినబడుతుంది.

ఎర్ర దీపం వెలుగుతోంది. నేను మూడో కప్పు తీసుకున్నాను.

రికార్డింగు శుభ్రంగా వచ్చింది, నా గొంతు ఎక్కడా పడలేదు.